మేడమ్ హస్తవాసి

తెనాలిలో ఆ కల్యాణమండపం గుమ్మం ముందు చెప్పుల స్టాండు పక్కనే తుపాకుల స్టాండు ఉంది. 2079లో ఇది వింతేమీ కాదు. పెళ్లికైనా, పెద్దకర్మకైనా వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, నడుమునున్న తుపాకీ తీసి అప్పగించి, ఇత్తడి బిళ్ల పుచ్చుకుని లోపలికి వెళతారు. చెప్పులు మారిపోయాయని గొడవలు జరుగుతుంటాయి గానీ తుపాకులు మాత్రం మారవు. ఎవరిది వాళ్లు కళ్లు మూసుకున్నా గుర్తుపడతారు.

ఇంట్లో గరిటె విరిగితే గరిటె, కుర్చీ కాలు పోతే కుర్చీ కాలు అచ్చువేసుకునే ముద్రణ యంత్రాలు వచ్చిన కొత్తలో, తుపాకీ కూడా అచ్చువేసుకోవచ్చని ఎవడో మహానుభావుడు కనిపెట్టాడు. ప్రభుత్వం కొన్నాళ్లు జప్తు చేసింది, కొన్నాళ్లు జరిమానాలు వేసింది, చివరికి విసిగిపోయి లైసెన్సులు ఇచ్చేసింది. అప్పటినుంచి మాటా మాటా పెరిగిన ప్రతిచోటా ప్రాణం పోవడం మొదలైంది. లిఫ్టులో ముందెక్కినందుకు కాల్చారు. పెళ్లి భోజనంలో ముక్కలు తక్కువ వేశాడని వడ్డించేవాణ్ణి కాల్చారు. జనం మొదట్లో అయ్యో అన్నారు, తర్వాత తామూ ఒకటి కొనుక్కున్నారు.

ఆ రోజు మండపంలో జరుగుతున్నది పెళ్లి కాదు, ప్రజాభిప్రాయ సేకరణ. రాష్ట్రంలోని ప్రతి తుపాకీకీ 'శాంతకీలు' బిగించాలని ప్రభుత్వం బిల్లు తెచ్చింది. అన్ని జిల్లాల్లోనూ జనాన్ని అడిగారు. సగం జిల్లాలు సరేనన్నాయి, సగం ససేమిరా అన్నాయి. ఇక మిగిలింది ఇదొక్కటే. ఇక్కడ కాదంటే బిల్లు అటకెక్కినట్టే.

స్టాండు దగ్గర కూర్చున్న నాగేంద్రమ్మ ముందుకు ఒక బక్కపలచని మనిషి వచ్చి చెప్పులు విడిచాడు.

"తుపాకీ ఇటివ్వు," అంది ఆమె.

"లేదమ్మా."

"లేకపోవడమేందయ్యా? లోపల తనిఖీలో దొరికితే నా ఉద్యోగం పోద్ది."

"నిజంగానే లేదమ్మా. వదిలేసి చాలా ఏళ్లయింది."

నాగేంద్రమ్మ అతణ్ణి ఎగాదిగా చూసి, చెప్పులకు మాత్రం బిళ్ల ఇచ్చింది. అతను లోపలికి వెళ్లి చిట్టచివరి వరుసలో కూర్చున్నాడు.

వేదిక మీద కలెక్టర్ సంయుక్త పక్కన డాక్టర్ ఆలూరి మృదుల కూర్చుని ఉంది. శాంతకీలు కనిపెట్టింది ఆమే. నాడీశాస్త్రంలో పెద్ద పేరున్న మనిషి. అయితే ఆమె ఈ పనిలోకి దిగింది పేరు కోసం కాదు. ఆమె తమ్ముడు ఋత్విక్‌ను టిఫిన్ సెంటరు ముందు బండి అడ్డం పెట్టాడన్న గొడవలో ఒకడు కాల్చేశాడు. ఆమె పరుగున వెళ్లేసరికి ఇడ్లీ ప్లేటు అతని చేతిలో అలాగే ఉంది. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని ఆ రోజే అనుకుంది. ఈ బిల్లు పోతే తమ్ముడు మళ్లీ పోయినట్టే ఆమెకు.

"మేడమ్, ఖాళీ గ్లాసే మళ్లీ మళ్లీ ఎత్తుతున్నారు," అన్నాడు ఆమె సహాయ శాస్త్రవేత్త షఫీ, గొంతు తగ్గించి. "మీరు కంగారు పడటం నేనెప్పుడూ చూళ్లేదు."

"ఇవాళ పోతే మళ్లీ రాదు షఫీ. అందుకే," అంది మృదుల.

శాంతకీలు పనిచేసే తీరు చెప్పుకోవడానికి తేలికే. తుపాకీ పిడి మీద ఉల్లిపొర కంటే పలచని స్పర్శపొర, ఇంజనీర్ల భాషలో సెన్సర్ ఫిల్మ్, అతికిస్తారు. పట్టుకున్న చేతిలోని చెమటనూ, నాడినీ, కండరాల్లోని సన్నటి విద్యుత్ వణుకునూ అది చదువుతుంది. మనిషి ఉద్రేకంలో ఉన్నాడని తేలితే ట్రిగ్గర్ వెనకున్న సూదంత కీలు బిగుసుకుంటుంది. ఇక ఎంత నొక్కినా కదలదు. మనిషి చల్లబడ్డాక దానంతట అదే వదులవుతుంది. కోపమనేది కాఫీ చల్లారేంతసేపు కూడా ఉండదనీ, ఆ కాసేపు చెయ్యి పట్టుకుని ఆపితే చాలనీ మృదుల వాదన.

చిక్కల్లా ఒక్కటే వచ్చింది. ఉద్రేకాన్ని కొలవాలంటే ముందు ప్రశాంతత అంటే ఏమిటో యంత్రానికి తెలియాలి. దానికి 'సున్నా స్థితి' అని పేరు పెట్టారు. ఒక మనిషి చేతిని సున్నాగా చూపిస్తే, మిగతా చేతులన్నింటినీ యంత్రం దానితో పోల్చి నేర్చుకుంటుంది. మరి ఎవరి చెయ్యి? మనవాళ్లు ఈ ప్రశ్నకు బుర్ర బద్దలు కొట్టుకుంటారా! కొట్టుకి బోణీ అయినా, పొలంలో తొలి విత్తనమైనా మంచి చెయ్యి చూసి వేయిస్తాం కదా. "మేడమ్ హస్తవాసి గొప్పది. మేడమ్ చేతిమీదుగానే మొదలవ్వాలి," అని షఫీ పట్టుబట్టాడు. ల్యాబంతా సై అంది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, ఇంతకంటే ప్రశాంతమైన చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? కొత్త నమూనా తయారైన ప్రతిసారీ పొద్దున్నే మృదుల వచ్చి పిడి పట్టుకునేది, అందరూ చప్పట్లు కొట్టి మిఠాయి పంచుకునేవారు.

మైకు జనానికి ఇచ్చారు. దుగ్గిరాల నుంచి వచ్చిన రైతు ముందుగా లేచాడు.

"పసుపు చేలో అడివి పందులు పడతాయి తల్లీ. వాటి మీద కోపం రాకుండా ఎట్టా కాల్చాలి? దణ్ణం పెట్టి కాల్చాలా?"

మండపం గొల్లుమంది. వెనకనుంచి ఒక ఇల్లాలు మైకు అందుకుంది. "మా ఆయన తుపాకీకి ముందు బిగించండమ్మా. కూరలో ఉప్పెక్కువైతే చేత్తో దాన్ని తడుముకుంటాడు. నాకు అన్నం సయించడంలేదు." ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె పక్కనే కూర్చున్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు.

ఇంకో కుర్రాడు ఆవేశంగా లేచాడు. "ఇవాళ తుపాకీకి బిగిస్తారు. రేపు నోటికి బిగించరని ఏంటి గ్యారంటీ?" అతనికీ చప్పట్లు పడ్డాయి. సభ ఎటు మొగ్గుతుందో తెలియక మృదుల చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

అప్పుడు తుపాకీదారుల సంఘం అధ్యక్షుడు వెలగా సాంబశివ వేదికెక్కాడు. "ఇదంతా బూటకం. పనిచేస్తే నా చేతికివ్వండి, చూద్దాం!"

షఫీ పెట్టెలోంచి ప్రదర్శన తుపాకీ తీశాడు. ల్యాబులో మృదుల పెట్టిన నియమం ఒకటుంది. తుపాకీ ఎవరు పట్టుకున్నా ముందు తూటా గది తెరిచి చూడాలి, పక్కవాళ్లకు చూపించాలి. ఆమె స్వయంగా తెరిచి, ఖాళీగా ఉందని సభకు చూపించి, సాంబశివ చేతికిచ్చింది.

"పిడి గట్టిగా పట్టుకోండి," అన్నాడు షఫీ. "అవునుగానీ సాంబశివగారూ, మీ పందెంకోడి బరిలోంచి పారిపోయి పక్కింటి కోళ్లగూట్లో దాక్కుందటగా?"

సాంబశివ ముఖం జేవురించింది. "ఎవడ్రా ఆ మాటన్నది!" అంటూ ట్రిగ్గర్ నొక్కాడు. కదల్లేదు. పిడి మీద ఎర్రదీపం వెలిగింది.

"చెయ్యి ఉద్రేకంలో ఉంది. కీలు వేశాను," అంది యంత్రం, వేదిక మీది స్పీకర్లోంచి.

జనం పడీపడీ నవ్వారు. సాంబశివ తుపాకీని బల్ల మీద పెట్టి పళ్లు కొరుకుతూ నిలబడ్డాడు. మృదుల వేలికి చుట్టుకున్న కొంగు వదిలింది.

అప్పుడు చివరి వరుసలోని బక్కపలచని మనిషి మైకు అడిగాడు.

"నా పేరు కొల్లి దినకర్ అండీ," అన్నాడు. "మేడమ్ గారి తమ్ముణ్ణి కాల్చింది నేనే."

జనమంతా కుర్చీల్లోనే వెనక్కి తిరిగారు. మృదుల అతణ్ణి కోర్టులో చూసిందే. జుట్టు నెరిసింది, దవడలు లోపలికి పోయాయి. అయినా ఆ ముఖాన్ని ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది.

"ఆ పూట నాకు పట్టిన కోపం కాసేపే అండీ. బండి తీయమంటే తీయలేదని. కాల్చిన మరుక్షణం అది పోయింది. ఆ పిల్లాడూ పోయాడు. జైల్లో ఉన్నన్నాళ్లూ ఒకటే అనుకున్నా, ఆ క్షణాన ఆ దిక్కుమాలిన ట్రిగ్గర్ కదలకుండా ఉంటే ఎంత బాగుండేది అని. దయచేసి దీన్ని పెట్టించండి. నేనింకేమీ అడగను."

జనంలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. గాలి తిరిగిందని సాంబశివకు అర్థమైంది. అవమానం ఇంకా మండుతోంది కాబట్టి, మైకు లాక్కున్నాడు.

"అయితే అసలు పరీక్ష పెడదాం. దినకర్‌ని ఎదురుగా నిలబెట్టండి. తుపాకీ ఈ అమ్మ పట్టుకోవాలి. సొంత తమ్ముణ్ణి చంపినవాణ్ణి చూసి కూడా ఎర్రదీపం వెలగకపోతే, ఇది పనిచేయనట్టే. వెలిగిందా, మా సంఘమంతా బిల్లుకు చేతులెత్తుద్ది. సరేనా?"

"సరే!" అని మండపం హోరెత్తింది.

"అవసరం లేదు. ఇది పద్ధతి కాదు," అంది కలెక్టర్.

"నిలబడతానమ్మా," అన్నాడు దినకర్. చెప్పుల్లేని కాళ్లతో నడిచొచ్చి వేదిక కింద నిలబడి చేతులు కట్టుకున్నాడు. "కానివ్వండి మేడమ్."

మృదుల బల్ల మీది తుపాకీ అందుకుంది. ఎర్రదీపం వెలిగి తీరుతుందని ఆమెకు నమ్మకం. గుండెలో ఏం మరుగుతోందో ఆమెకు తెలుసు. తుపాకీ ఎత్తి, అతని ముఖానికి గురిపెట్టి, నొక్కింది.

పచ్చదీపం వెలిగింది.

"చెయ్యి ప్రశాంతంగా ఉంది. కీలు తీశాను," అంది యంత్రం.

ట్రిగ్గర్ వెనక్కి వెళ్లి 'టక్' మంది. దినకర్ కళ్లు గట్టిగా మూసుకుని, మెల్లగా తెరిచాడు.

అంతలో ముందు వరుసలోంచి ఒక ముసలామె లేచి నిలబడింది. "క్షమించేసిందర్రా! మనసులో కోపమే లేదు తల్లికి! ఎంత పెద్ద మనసు!"

అంతే! మండపం చప్పట్లతో మోగిపోయింది. ఉప్పు గొడవ చెప్పిన ఇల్లాలు ఏడ్చేసింది. దినకర్ అక్కడే మోకాళ్ల మీద కూలబడి దణ్ణం పెట్టాడు. సాంబశివ తన పందెం మాట ఎత్తబోయి, ఆ హోరు చూసి తనూ చెయ్యెత్తాడు. కలెక్టర్ నవ్వుతూ మైకులో, "బిల్లుకు అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి," అంది. ఎటు చూసినా చేతులే.

షఫీ మాత్రం చప్పట్లు కొట్టలేదు. పాలిపోయిన ముఖంతో మృదుల దగ్గరకొచ్చాడు.

"మేడమ్, మీరు నిజంగా క్షమించారా?"

"లేదు."

"మరి?"

"ఏళ్ల తరబడి పొద్దున్నే సున్నా కోసం ఆ పిడి పట్టుకున్నప్పుడల్లా నా కళ్లముందు ఉన్నది అతని ముఖమే షఫీ. పైకి చల్లగానే ఉండేదాన్ని. మీరంతా దాన్నే ప్రశాంతత అన్నారు. యంత్రం అదే నేర్చుకుంది. ఉన్నట్టుండి భగ్గుమనే కోపాన్ని పట్టుకుంటుంది. లోపల పెట్టుకుని పెంచుకున్న పగ దానికి సున్నాలాగే కనిపిస్తుంది."

షఫీ అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడేం మాట్లాడకండి. ఇవాళ గడవనివ్వండి. బిల్లు పాసయ్యాక సున్నా మార్చేద్దాం."

"ఎవరి చేత్తో?"

"నాది తీసుకుందాం. నాకెవరి మీదా..." అని ఆగిపోయాడు. నాన్నకు రావాల్సిన ఇంటిని మింగేసిన చిన్నాన్న గుర్తొచ్చాడు. అతని చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి వెళ్లింది.

అంతలో ఇంకోటి గుర్తొచ్చి, భయంభయంగా అడిగాడు. "మేడమ్, నొక్కేముందు తూటా గది చూశారా?"

మృదుల చేతిలోని తుపాకీ వైపు చూసింది. "చూడలేదు."

ఎత్తిన చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. కలెక్టర్ లెక్క పూర్తిచేస్తోంది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, తమ్ముడి పేరుమీద చట్టం వస్తుంది. అయితే ఆ చట్టంతో ప్రతి ఇంటి తుపాకీలోకీ తన పగ వెళుతుంది, దాన్ని జనం ప్రశాంతత అని నమ్ముతారు. ఆ ఇల్లాలి భర్త నెలల తరబడి మనసులో పెట్టుకుని కాల్చినా పచ్చదీపమే వెలుగుతుంది. మృదుల కలెక్టర్ దగ్గరకు నడిచింది. మైకు అందుకుంది.

"ఒక్క నిమిషం. చేతులు దించండి," అంది. "నేనతన్ని క్షమించలేదు. యంత్రం తప్పు చెప్పింది, ఆ తప్పు నాది. నా పగనే దానికి శాంతమని నేర్పాను. ఇందాక తుపాకీ ఖాళీగా ఉందో లేదో కూడా చూడకుండా నొక్కాను. దీన్ని సరిచేసేదాకా బిల్లు ఆపండి."

చేతులు ఒక్కొక్కటిగా దిగాయి. కలెక్టర్ ఏదో చెప్పబోయింది గానీ ఎవరూ వినలేదు. ఇప్పటిదాకా చప్పట్లు కొట్టినవాళ్లంతా పక్కవాళ్ల ముఖాలు చూసుకున్నారు. నవ్వుతూ పలకరించే ఈ మనిషి లోపల ఏం పెట్టుకున్నాడో అన్న అనుమానం అందరికీ ఒక్కసారే కలిగినట్టుంది. కుర్చీలు తోసుకుంటూ గుమ్మం వైపు నడిచారు, తర్వాత పరిగెత్తారు.

స్టాండు ముందు తోపులాట మొదలైంది. "వరసలో రండయ్యా, బిళ్ల చూపించండి," అని నాగేంద్రమ్మ అరుస్తోంది. తుపాకీ అందినవాడు అందినట్టే తెరిచి తూటాలున్నాయో లేవో చూసుకుంటున్నాడు. చెప్పుల సంగతి ఎవరికీ గుర్తులేదు.

దినకర్ ఆ గుంపు అంచున నిలబడ్డాడు. నాగేంద్రమ్మ గుర్తుపట్టి, "నీవి ఇయ్యేగా అయ్యా," అంటూ చెప్పులు ముందుకు తోసింది. అతను వాటివైపు చూడలేదు. బెల్టు బిగించుకుంటున్న సాంబశివ దగ్గరకు వెళ్లాడు.

"సాంబశివగారూ, మీ దగ్గర ఇంకోటి ఉంటే ఇప్పిస్తారా?"

"నువ్వు వదిలేశానన్నావుగా?"

"వదిలేశానండీ. ఆమె మనసులో ఇంత ఉందని అప్పుడు తెలీదు."

సాంబశివ సంచిలోంచి ఒకటి తీసిచ్చాడు. దినకర్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని గుమ్మం వైపు తిరిగాడు.

దినకర్‌తో రెండు మాటలు మాట్లాడదామని మృదుల అప్పుడే మండపంలోంచి బయటికొచ్చింది. అతని చేతిలో ఉన్నది చూసింది. చేతులు రెండూ అతనికి కనబడేలా మెల్లగా పైకెత్తి, మెట్ల మీదే నిలబడిపోయింది.