అడగని మాట

"పన్నెండు పేజీల కథలో ఆ పిల్ల ఒక్క మాటైనా మాట్లాడిందా?"

కాలేజీ పత్రికకు సంపాదకురాలైన హసింతా ఆ కథను బల్ల మీద పడేసింది. రాసిన క్రిసాంతో ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు.

"మా హీరో కత్తిపోటు తిన్నా కన్ను చెమర్చడు, చూశావా?"

"చూశాను. చదివి చదివి విసుగొచ్చింది. మన కథల్లో మగాడు ఏడవడు, ఆడది నోరెత్తదు. చివర్లో వాళ్ల నాన్న పిల్లని తెచ్చి వాడి చేతిలో పెడతాడు. ఇదేమన్నా కోడిపందెమా, గెలిచినవాడు పట్టుకుపోవడానికి?"

కథ అచ్చు కాలేదు. అతని నవ్వు మాత్రం వారమంతా ఆమెను వదల్లేదు. అందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆదివారం పొద్దున్నే హసింతా వాళ్ల పెరట్లో గొడ్డలి చప్పుడు. చూస్తే క్రిసాంతో. మనసుపడ్డ పిల్ల ఇంట కట్టెలు కొట్టి, నీళ్లు మోసి తండ్రిని మెప్పించడం పాతకాలపు ఆచారం. ఈ ఇంట్లో వంట గ్యాస్ మీదేనని అతనికెవరూ చెప్పినట్టు లేదు. మెట్ల మీద నాన్న కాఫీ తాగుతూ మురిసిపోతున్నాడు.

"మగాడంటే వీడేనే. నాకు నచ్చాడు. జూన్‌లో పెళ్లి."

"కట్టెలు కొట్టింది మీకు కదా నాన్నా, మీరే చేసుకోండి." హసింతా అతని వైపు తిరిగింది. "అచ్చు వేయనన్న కథని మా పెరట్లో ఆడిస్తున్నావా? నన్నొక్క మాట అడిగావా?"

క్రిసాంతో గొడ్డలి కింద పెట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఛ, మగపుట్టుక పుట్టి ఏడుపేంట్రా," అన్నాడు నాన్న.

"భయమేసింది హసింతా. నువ్వు కాదంటావేమోనని. కట్టెలు కొట్టడమే తేలికనిపించింది."

ఆమె కోపం సగం అక్కడే కరిగింది. "ఈ భయమేదో కథలో రాసుంటే అచ్చేసేదాన్ని. సరే, ఇప్పుడడుగు."

"నేనంటే నీకు ఇష్టమేనా?"

నాన్న నోరు తెరిచాడు. అంతవరకూ గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ అడ్డుపడింది.

"అతను అడిగింది మిమ్మల్ని కాదు. ఆనాడు మీరు మాత్రం మా నాన్ననే అడిగారు."

"ఇష్టమే," అంది హసింతా. "పెళ్లెప్పుడో నేను చెప్తాను."

నాన్న కాఫీ కప్పు పక్కన పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి భార్యను అడిగాడు.

"అప్పుడు నిన్నే అడిగుంటే ఏమనేదానివి?"

"ఏమో," అంది అమ్మ. "ఎవరడిగారు గనక, నేను ఆలోచించుకోవడానికి?"