పదిహేడో నంబరు వస్తువు

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు! క్షుద్రశక్తులకు అర్ధరాత్రే ముహూర్తమని ఎవరన్నారో గానీ, మనిషి నీడ పాదాల కిందికి కుంచించుకుపోయేది ఈ ఘడియలోనే. నీడ కరువైన మనిషిని పట్టడం వాటికి మహా సులువు!

శంషాబాద్ విమానాశ్రయానికి కూతవేటు దూరంలో, ఆ సాయంత్రం తెరుచుకోబోయే రాజప్రాసాదం లాంటి హోటల్ మీద ఉన్నట్టుండి కారుమబ్బు కమ్మింది. దిగబోయిన విమానమొకటి నేలను తాకకుండానే గర్జిస్తూ పైకి లేచిపోయింది. పట్టపగలే ఒక గుడ్లగూబ వచ్చి లాబీ అద్దానికి కొట్టుకుంది... ఒకసారి కాదు, మూడుసార్లు!

పనివాళ్ళంతా భోజనాలకు వెళ్ళారు. లాబీ చివర సంయుక్త జాబితా సరిచూసుకుంటోంది. కోస్తా నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడినవారి అమ్మాయి. కళాఖండాలు ఏరి తెచ్చి పెద్ద హోటళ్ళను అలంకరించడం ఆమె వృత్తి. పాపం, బాగా చదువుకుంది! ఏ వస్తువు ఏ శతాబ్దానిదో ఇట్టే చెబుతుంది. ఏ వస్తువు ఎవరిదో మాత్రం అడగదు.

ఈ హోటల్ యజమాని జగదీశ్వరరావు దొర తన పూర్వీకుల గడీ నుంచి ఎన్నో వస్తువులు పంపాడు. తొమ్మిదో నంబరు, ఆయన నాయనమ్మ రత్నమాంబ దొరసాని నిలువెత్తు వర్ణచిత్రం. పదో నంబరు, వెండి అంచు కట్టిన దంతపు గిన్నె. పదిహేడో నంబరు మాత్రం దొరది కాదు. పునాదులు తవ్వేటప్పుడు పొలం గట్టు మీంచి పెకలించిన మూరెడు రాయి అది... ఒళ్ళంతా పసుపు, కుంకుమ, రెండు వెండి కళ్ళు. ‘జానపద శిల్పం’ అని రాసుకుంది సంయుక్త. అసలు రూపం కనబడాలని సబ్బుతో కడిగించింది. కళ్ళు ఊడదీయించి, వేరే అద్దాల పెట్టెలో పెట్టించి, పద్దెనిమిది అని చీటీ అంటించింది!

కడిగింది జంగమ్మ. ఒకప్పుడు ఇదే నేల మీద జొన్నలు పండించిన ఇంటి కోడలు, ఇప్పుడు ఇక్కడే నేల తుడిచే మనిషి.

“అమ్మా, గిది బొమ్మ కాదు. మా మైసమ్మ. కండ్లు తియ్యొద్దు, ఇగ తల్లి మమ్మల్ని ఎట్ల చూస్తది?” అని నిన్న కన్నీళ్ళతో బతిమాలింది.

“తర్వాత చూద్దాంలే జంగమ్మా, ముందు శుభ్రం చెయ్యి,” అంది సంయుక్త, జాబితా నుంచి తల ఎత్తకుండానే.

ఇప్పుడు లాబీ అవతలి కొసన కెవ్వుమన్న కేక!

సంయుక్త పరుగున వెళ్ళి నిలువునా కొయ్యబారిపోయింది. దొరసాని చిత్రం ముందు జంగమ్మ బిగుసుకుపోయి నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుంది... కనుగుడ్లు పైకి తిరిగిపోయాయి... చుట్టూ నల్లనువ్వుల వలయం! ఎదుట పట్టుపంచెతో జగదీశ్వరరావు దొర, చేతిలో బోర్లించిన పదో నంబరు గిన్నె. దాని అడుగున వంకరటింకర అతుకులు... అది దంతం కాదు. కపాలం!

“దగ్గరికి రాకు!” గర్జించాడు దొర. “నూరేండ్ల సంది మా నాయనమ్మ గీ పటంలనే ఉన్నది. రంగులన్నీ పోయి పటం తెల్లగైందంటే, గీ దేహం ఆమెదే! మైసమ్మ ఒక్కతే నాకు అడ్డముండె. ఆమె కండ్లు నువ్వే తీయించినవ్. నీ మేలు మర్చిపోను!”

చిత్రంలో దొరసాని ముఖం వెలిసిపోతోంది... ఆ ఎరుపంతా జంగమ్మ చెంపల్లోకి ఎక్కుతోంది! జంగమ్మ నోట వికటాట్టహాసం... అది జంగమ్మ నవ్వు కాదు. ఆ నవ్వు మధ్యలోంచి ఒకే ఒక్క మాట, నూతిలోంచి వచ్చినట్టు...

“అమ్మా... కండ్లు...!”

నేనే తల్లిని గుడ్డిదాన్ని చేసి, ఒక మనిషిని రాక్షసుడి ముందు నిలబెట్టాను! సంయుక్త వెనుదిరిగి ఉరికింది. తాళంచెవి వెతికే వ్యవధి లేదు. పిడికిలితో అద్దాల పెట్టెను బద్దలు కొట్టింది. నెత్తురోడుతున్న చేత్తో వెండి కళ్ళు తీసి, బోసిగా నిలబడ్డ రాతి ముఖానికి అదిమి పట్టింది. ఆమె నెత్తురే ఆ రాతికి కుంకుమైంది.

“తల్లీ, తప్పు నాది! నీ బిడ్డను చూడు!”

ఫెళఫెళార్భాటంతో పిడుగు! లాబీలో దీపాలన్నీ ఆరిపోయాయి. ఆ చీకట్లో రెండు కళ్ళు... రెండే కళ్ళు... ప్రళయాగ్నిలా భగ్గుమన్నాయి! మైసమ్మ చూసింది. అంతే.

“వద్దు... తల్లీ, వద్దు...!” దొర ఆర్తనాదం సగంలో తెగిపోయింది. దీపాలు వెలిగేసరికి కపాలం రెండు ముక్కలై పడి ఉంది. పక్కన మనిషి లేని పట్టుపంచె. జంగమ్మ స్పృహ తప్పి వలయం బయట పడి ఉంది. సంయుక్త ఆమె తలను ఒళ్ళోకి తీసుకుని బావురుమని ఏడ్చింది.

దొర ఏమయ్యాడో ఎవరికీ అంతుపట్టలేదు. చిత్రంలో మాత్రం, రంగులు తిరిగొచ్చిన దొరసాని కాళ్ళ దగ్గర, ఏ చిత్రకారుడూ వేయని మనిషొకడు నోరు తెరుచుకుని కూలబడి ఉన్నాడు. సంయుక్త జాబితాలో పదిహేడు, పద్దెనిమిది కొట్టేసి ‘ఊరివాళ్ళ దేవత’ అని రాసింది. జంగమ్మ పసుపు పూసి, కుంకుమ పెట్టి, తల్లిని గుమ్మానికి ఎదురుగా నిలిపింది.

మర్నాడు పొద్దున చూస్తే రాయి చిత్రం వైపు తిరిగి ఉంది. చిత్రంలోని మనిషి చెయ్యి నిన్నటికన్నా చట్రానికి జానెడు దగ్గరగా ఉంది. సంయుక్త రాయిని మళ్ళీ గుమ్మం వైపు తిప్పబోతే జంగమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండనియ్యి అమ్మా. తల్లి కావలున్నది.”

సంయుక్త రాయిని అలాగే వదిలేసింది. మళ్ళీ ఎవరూ దాన్ని కడగలేదు.