లెంపకాయ కొట్టే కొళాయి

ఝపటాపూర్‌లో ఆ ఇంటి పెరటి కొళాయి జోలికి ఎవరూ పోరు. గాలివాన పట్టిన పూట దాన్ని ముట్టుకుంటే... దెయ్యం లెంపకాయ కొడుతుందట. తొమ్మిదేళ్ల కిందట ఇంటాయన వెంకటరావు ఆ కొళాయి దగ్గరే పడ్డాడు. మళ్లీ లేవలేదు. ఆయన భార్య జోగమ్మ ఎదురింట్లో తమ్ముడి పంచన చేరింది. ఆ తర్వాత అద్దెకొచ్చినవాళ్లు తొలి వానకే మూటాముల్లె సర్దేశారు.

అలాంటి ఇంటిని మీనాకుమారి ఏరికోరి కొనుక్కుంది. రైల్వే వర్క్‌షాపులో కరెంటు పని చేసే మనిషి. ఏడు అద్దె ఇళ్లు మారి విసిగిపోయింది.

"దెయ్యానికి నానెందుకు జడుస్తాను? నచ్చకపోతే దాన్నే ఇల్లు కాళీ సెయ్యమను" అంది.

చైత్రం వచ్చింది. వేసవి సాయంత్రాల్లో విరుచుకుపడే కాలబైశాఖి గాలివాన చెప్పి రాదు కదా! సెలవు పెట్టి పాత వైరింగంతా పీకి కొత్తది వేసింది. షాకు తగిలేలోపే కరెంటు ఆపేసే స్విచ్చు పెట్టింది. చివరికి పెరట్లో ఓ మూల నేలలో పాతి ఉన్న, అందరూ దూరంగా తిరిగే ఇనప గొట్టం చుట్టూ తవ్వింది. లోపల ఉప్పు, బొగ్గు.

గోడమీంచి చూస్తున్న ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. మీనాకుమారికి నవ్వొచ్చింది. అది ఎర్తింగు గొయ్యి. వాన తడికి పాత వైర్లలోంచి కొళాయిలోకి పాకే కరెంటు, మనిషిని పట్టకుండా మట్టిలోకి పోవడానికే ఆ ఏర్పాటు. కానీ గొట్టానికి ఉండాల్సిన తీగ లేదు... ఎవరో తెంపేశారు. కొత్త ఉప్పూ బొగ్గూ నింపి, రాగి తీగ బిగించి, రెండు బిందెల నీళ్లు పోసింది.

ఆ సాయంత్రమే వాయవ్యం నల్లబడింది. దుమ్ము లేచింది. ఒక్కసారిగా చీకటి — వాన.

మీనాకుమారి కొళాయి ముందు నిలబడింది. వెనక, ఎదురింట్లోంచి పరిగెత్తుకొచ్చి తడిసి ముద్దయిన జోగమ్మ. ఇల్లు కొన్నప్పటి నుంచీ మీనాకుమారి ఆమెను అత్తా అనే పిలుస్తోంది.

"వొద్దే అమ్మీ... మీ మావని తినేసింది."

"నన్ను కూడా తినమను, సూస్తాను."

టెస్టరు ఆనించింది. వెలగలేదు. పిడుగు పడింది... దీపాలు రెపరెపలాడి నిలిచాయి. మళ్లీ ఆనించింది. వెలగలేదు.

అప్పుడు ఒట్టి చెయ్యి చాపి — కొళాయి తిప్పింది.

నీళ్లు. అంతే, నీళ్లు!

"కొట్టనేదా?" జోగమ్మ కళ్లు తెరిచింది.

"కొట్టనేదు, అత్తా. దాని పని అయిపోనాది."

జోగమ్మ ఏడుస్తూ నవ్వింది. అంతలో గొట్టానికున్న తీగ కంటబడింది.

"ఈ దిక్కుమాలిన తీగ మళ్లీ ఎందుకు కట్టినావే? ఉప్పూ బొగ్గూ సూసి సేతబడి అనుకుని... నా సేత్తోనే పీకి పారేసినాను. మీ మావకి ఏటీ కాకూడదని."

"ఎప్పుడు... అత్తా?"

"ఆయన పోయిన ఏడే. గాలివానలకి ముందు."

మీనాకుమారి తీగ వైపు చూసింది, తర్వాత జోగమ్మ చేతుల వైపు. జోగమ్మ ఆ రెండు చేతులూ చాపి అడుగుతోంది —

"సెప్పవేటే? ఆ తీగ దేనికి?"

ఉరిమింది. మీనాకుమారి ఆ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"దెయ్యం ఉంది, అత్తా... నిజంగానే ఉంది. దాన్ని కట్టీడానికే ఈ తీగ."