పదకొండు మంది మేడమ్‌లు, ఒక్క మాస్టారు

స్పానిష్ పీరియడ్ సగంలో చిటపట లేచి నిలబడింది. అది అసలు పేరు కాదు. ముక్కు మీదే కోపం కాబట్టి క్లాసంతా అలా పిలుస్తారు.

"టీచర్, ఇది అన్యాయం."

"ఏది?" అన్నారు స్పానిష్ టీచర్.

"మీరిప్పుడు చెప్పిందే. ఆడ టీచర్ అయితే ప్రొఫెసోరా. మగ టీచర్ అయితే ప్రొఫెసోర్. అందరూ ఆడవాళ్ళయితే ప్రొఫెసోరాస్. అదే గుంపులో ఒక్క మగ టీచర్ ఉన్నా, అందరూ ప్రొఫెసోరెస్ అయిపోతారా? మన స్కూల్లో పదకొండు మంది మేడమ్‌లు. డ్రాయింగ్ మాస్టారు ఒక్కరే. ఆయనొక్కరి కోసం మీరంతా మగవాళ్ళలో కలిసిపోవాలా?"

"ఆ భాష పద్ధతి అది," టీచర్ నవ్వారు. "రేపు అసెంబ్లీలో టీచర్లకి స్పానిష్‌లో గుడ్ మార్నింగ్ చెప్పే వంతు నీదే. ప్రాక్టీస్ చెయ్యి."

ఇంటికెళ్ళినా కోపం చల్లారలేదు. అమ్మ బస్సు డ్రైవరు. షూ విప్పుకుంటూ అంతా వింది.

"మా డిపోలోనూ అంతేలే. నలభై మందిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. రోజూ మైకులో 'డ్రైవరన్నలకి నమస్కారం' అంటారు."

"నువ్వేమంటావు?"

"ఏమంటాను? నాకు కాదులే అనుకుని బండెక్కుతాను."

చిటపటకి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు మైకు ముందు నిలబడి, "బ్వెనోస్ దియాస్, ప్రొఫెసోరాస్," అంది గట్టిగా. మేడమ్‌లకి మాత్రమే గుడ్ మార్నింగ్. కావాలనే అంది.

పదకొండు గొంతులు బదులిచ్చాయి. వరస చివర డ్రాయింగ్ మాస్టారు కూడా నోరు తెరిచారు. మళ్ళీ మూసుకుని, చొక్కాకి అంటిన రంగుని గోటితో గీకసాగారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

గెలిచినట్టు అనిపించాలి. కానీ అనిపించలేదు. ఇంటర్వెల్‌లో డ్రాయింగ్ రూమ్‌కి వెళ్ళింది.

"మాస్టారూ, మీకు కోపమొచ్చిందా?"

"కోపమెందుకమ్మా? నాకు కాదులే అనుకున్నాను."

అచ్చం అమ్మ అన్న మాటే. చిటపట మొహం వేడెక్కింది. ఈసారి కోపం తన మీదే. అక్కణ్నుంచి నేరుగా స్టాఫ్ రూమ్‌కి నడిచింది.

"టీచర్, ప్రొఫెసోరాస్, ప్రొఫెసోర్ అని రెండు మాటలూ చెబితే తప్పా?"

"తప్పేం లేదు. రెంటినీ కలపడానికి మధ్యలో 'ఇ' అను. కాస్త పొడుగవుతుంది, అంతే."

"అవనివ్వండి. ఆ పద్ధతి మాత్రం నాకింకా నచ్చలేదు. రేపు కూడా నేనే చెబుతాను టీచర్. మాస్టారిని అందరి ముందూ వదిలేశాను. అందరి ముందే పిలవాలి."

టీచర్ సరేనన్నట్టు తలూపారు.

మర్నాడు చిటపట మళ్ళీ మైకు పట్టుకుంది.

"బ్వెనోస్ దియాస్, ప్రొఫెసోరాస్ ఇ ప్రొఫెసోర్."

మేడమ్‌లందరూ బదులిచ్చారు. డ్రాయింగ్ మాస్టారు అటూ ఇటూ చూశారు. చిటపట ఆయన వైపే చూస్తూ నిలబడింది. ఆయన కూడా "బ్వెనోస్ దియాస్" అనేదాకా మైకు వదల్లేదు.