సగం కూలి

ఆ రోజు సెలవు. తండ్రి టీ గ్లాసు పట్టుకుని వంటింటి తలుపు ముందు నిలబడి, రెండు నెలల కిందట తను రాసి అంటించిన కాగితాన్ని మళ్ళీ చదువుకున్నాడు. గిన్నెలు తోమితే పది. ఇల్లు ఊడిస్తే ఐదు. బట్టలు ఆరేసి మడతపెడితే ఐదు. చెత్తబుట్ట ఖాళీ చేస్తే రెండు. కింద సంతకం, తేదీ. ఇనుప సామానుకు పూత వేసే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా యూనియన్ నడిపిస్తున్న మనిషి. ఏదైనా కాగితం మీద పడితేగాని ఆయనకు నమ్మకం కుదరదు.

ఆ కాగితం పుట్టడానికి కారణం పెద్దమ్మాయి. పన్నెండేళ్ళ పిల్ల. బ్యాడ్మింటన్ రాకెట్ కావాలని ఒకటి చూపించింది. ధర చూసి ఆయన నోరు వెళ్ళబెడితే, "కార్డు గీకెయ్ నాన్నా, అంతేగా" అంది. ఆ 'అంతేగా' ఆయనకు ముల్లులా దిగింది. పదేళ్ళప్పటి నుంచి ఒళ్ళు వంచి బతికినవాడు. ఆ కార్డు వెనక యాసిడ్ తొట్లు ఉన్నాయి, గొంతు పట్టేసే పొగ ఉంది. చెబితే ఈ పిల్ల వింటుందా? చేయిస్తే తెలుస్తుంది. మర్నాడే తలుపు మీద రేట్లు వెలిశాయి.

పథకం బ్రహ్మాండంగా నడిచింది. పెద్దమ్మాయి డబ్బా రోజురోజుకీ బరువెక్కింది. ఎనిమిదేళ్ళ చిన్నది మాత్రం తువ్వాళ్ళు మడతపెట్టడంలోనే ఉంది, అదీ వంకరగా. పిల్లలకు శ్రమ విలువ నేర్పుతున్నానని ఆయన ఫ్యాక్టరీలో అన్నం తినేటప్పుడు పదిమందికి చెప్పుకున్నాడు. ఇద్దరు ముగ్గురు ఆ రేట్లు రాసుకుని కూడా వెళ్ళారు.

టీ అయ్యాక సింకు కింద కారుతున్న పైపు బిగిద్దామని వంగాడు. బకెట్ వెనక ఒక ప్లాస్టిక్ సంచి. అందులో గులాబీ రంగు రబ్బరు గ్లౌజులు. పిల్లల చేతులవి కావు.

"ఇవెవరివి?"

చిన్నది టిఫిను తింటూనే జవాబిచ్చింది. "అమ్మవి. అక్క ఇచ్చిన డబ్బుల్తో కొనుక్కుంది."

"అక్క అమ్మకి డబ్బులివ్వడమేంటి?"

"గిన్నెలు అమ్మే కదా తోమేది. అక్క సగం ఇస్తుంది." నోట్లో ముద్ద మింగి, ఇంకో సంగతి కూడా చెప్పింది. "నీకు సెలవున్న రోజు మటుకు అక్కే తోముతుంది."

ఆయన పానా కింద పెట్టి లేచాడు. తన సొంత ఇంట్లో, తను రాసిన రేట్ల కింద, ఒక దళారీ తయారైంది.

పెద్దమ్మాయిని పిలిచాడు. ఆమె బెదరలేదు. తండ్రి పోలికే. పరీక్షలున్నాయి, టైము లేదు, అమ్మ ఎలాగూ తోమేదే, ఊరికే తోమించుకోకుండా ఐదు ఇచ్చానని వాదించింది. తన బుర్రకి మిగతా ఐదు అంది.

"వేరేవాళ్ళ చేత పని చేయించి మధ్యలో సగం నొక్కేసేవాణ్ణి ఏమంటారో తెలుసా నీకు?"

"కాంట్రాక్టరు. నువ్వే తిడుతుంటావు కదా." పిల్ల అక్కడితో ఆగలేదు. "కానీ నాన్నా, నేను సగమైనా ఇచ్చాను. అంతకుముందు అమ్మకెవరిచ్చారు?"

ఆయన కోపమంతా భార్య మీదికి మళ్ళింది. ఆమె బాల్కనీలో బట్టలు పిండుతోంది. పిల్ల తప్పు చేస్తే చెప్పాల్సింది పోయి చెయ్యి చాపుతావా, నా రెండు నెలల కష్టం బూడిదలో పోశావు, రేపు నలుగురికీ మొహం ఎలా చూపించను అని కడిగేశాడు. ఆమె అంతా విని, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది.

"తప్పే. మొదటిరోజు వద్దనే అన్నాను. అది ఐదు నా చేతిలో పెట్టి పోయింది. చూస్తూ నిలబడ్డాను. పధ్నాలుగేళ్ళుగా తోముతున్నానండీ ఆ గిన్నెలు. దానికో రేటుంటుందని మీ కాగితం చూసేదాకా నాకు తెలీదు."

"గ్లౌజులు కావాలంటే నన్నడిగితే ఇవ్వనా?"

"ఇస్తారు. ఎందుకని అడిగి ఇస్తారు."

ఆమె గొంతు పెంచలేదు. అరిస్తే బాగుండునని ఆయనకు అనిపించింది. ఆమె చేతుల వైపు చూశాడు. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. ఎప్పటి నుంచి అలా ఉందో ఆయనకు తెలియదు. ఫ్యాక్టరీలో గ్లౌజులు ఇవ్వడం లేదని మూడు రోజులు పని ఆపించినవాడు ఆయనే. గేటు ముందు నిలబడి, కార్మికుల అరచేతులు ఎత్తి చూపించి మేనేజరును నిలదీసినవాడు. అందరి చేతులూ చూశాడు. రోజూ తనకు అన్నం పెట్టే చేతులు చూడలేదు.

తిన్నగా సింకు దగ్గరికి వెళ్ళాడు. గ్లౌజులు ఆయన చేతికి సగం కూడా ఎక్కలేదు. ఒట్టి చేతులతోనే మొదలుపెట్టాడు. మాడిన గిన్నె ఒకటి పావుగంట తోమాడు. యాసిడ్ తిన్న చేతికి సబ్బు నురగ సర్రున మండింది. పెద్దమ్మాయి కాసేపు చూసి, పక్కన నిలబడి తోమినవి కడగసాగింది. కాసేపటికి తడి చేతులతోనే వెళ్ళి డబ్బా తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది.

"నువ్వు తోమిన రోజులవి నేనుంచుకున్న సగం కూడా నీదేనమ్మా. లెక్క నాకు తెలుసు."

"మరి రాకెట్టో?"

"మళ్ళీ తోముతా. ఈసారి నేనే."

తల్లి డబ్బాలోంచి ఆ సగమే తీసుకుంది. దానం తీసుకోలేదు, కూలి తీసుకుంది.

మధ్యాహ్నానికి తలుపు మీద కాగితం మారింది. రోజువారీ పనులకు రేట్లు పోయి పేర్లు వచ్చాయి. గిన్నెలకు వారంలో మూడు రోజులు నాన్న, రెండు రోజులు అమ్మ, రెండు రోజులు పెద్దమ్మాయి. కిటికీలు తుడవడం, బీరువా సర్దడం లాంటి పైపనులకే డబ్బులు, అదీ చేసినవాళ్ళకే. అల్మరాలో ఒక డబ్బా పెట్టి, నెల జీతంలోంచి కొంత అందులో వేసి భార్యకు చూపించాడు. ఇది నీది, నేను అడగను అన్నాడు.

సాయంత్రం ఆమె చీర మార్చుకుని వచ్చి, ఆయన చూస్తుండగానే డబ్బాలోంచి ఒక నోటు తీసింది.

"ఎందు..." అని ఆయన నోరు తెరిచాడు. పెద్దమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది. ఆయన ఆ మాట అక్కడికక్కడే మింగేసి, "ఎండ తగ్గిందిలే, వెళ్ళిరా" అన్నాడు.

ఆమె నవ్వబోయింది. కళ్ళు ముందు నిండాయి. ఎక్కడికో చెప్పకుండానే గడప దాటింది. గంట తర్వాత తిరిగొచ్చి, పెద్ద సైజు గ్లౌజుల జత ఒకటి తెచ్చి సింకు పక్కన పెట్టింది.