ఊరికే కూర్చునే చోటు

డాక్టరమ్మ చేరిన మొదటి రోజే తక్కెడతో పేచీ పెట్టుకుంది. పేచీ ఒక మాంత్రికుడి గురించి.

తక్కెడ అంటే ఇక్కడ మనిషే. వీడియో గేములు తయారుచేసే ఆ చిన్న ఆఫీసులో, ఆటలోని పాత్రల బలాబలాలు సరిచూడటం అతని ఉద్యోగం. యోధుడి కత్తి ఎంత లోతుగా దిగాలి, మాంత్రికుడి నిప్పు ఎంత కాల్చాలి, ఎవరికీ అన్యాయం జరగకుండా నంబర్లు వేస్తాడు. దాన్ని క్లాస్ బ్యాలెన్స్ అంటారు. పక్కవాడి కప్పులో టీ కాస్త ఎక్కువ పడినా పట్టేస్తాడని ఆఫీసులో అతనికి తక్కెడ అని పేరు పెట్టారు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వమే.

ఆ అమ్మాయి టెస్టర్. ఆట బయటికి రాకముందే ఆడి చూసి తప్పులు పట్టాలి. ఎప్పుడు ఆడినా గాయాలు మాన్పే వైద్యురాలి పాత్రే ఎంచుకునేది. అందుకని చేరిన వారంలోనే డాక్టరమ్మ అనే పేరు ఖాయమైపోయింది.

మొదటి రోజు సాయంత్రం ఆమె హెడ్‌ఫోన్స్ తీసేసి, కుర్చీ అతని వైపు తిప్పింది.

“మీ యోధుడు మూటలు మోయడానికి తప్ప ఎందుకూ పనికిరాడండి” అంది.

తక్కెడకు చిర్రెత్తుకొచ్చింది. నెలల తరబడి కూర్చుని వేసిన లెక్కలవి. కానీ ఆమె చెప్పింది పూర్తిగా విన్నాక తన లెక్కలు మళ్లీ తెరిచి చూసుకున్నాడు. యోధుడు రోజంతా కత్తి తిప్పగలడు. మాంత్రికుడి మంత్రాలు మాత్రం ఒక్క పోరాటానికే అయిపోతాయి. నెగడు దగ్గర కూర్చుని విశ్రాంతి తీసుకుంటేనే తిరిగొస్తాయి. లెక్కలో ఇద్దరూ సమానమే. అయితే ఎన్నిసార్లు కూర్చోవచ్చో ఆటలో హద్దు లేదు. ఆడేవాళ్లు ఒకసారి పోరాడటం, కూర్చోవడం, మళ్లీ పోరాడటం, మళ్లీ కూర్చోవడం. మాంత్రికుడు ఎప్పుడూ నిండుగా ఉంటాడు, యోధుడు వెనకాల ఈడ్చుకుంటూ నడుస్తాడు.

“రెస్ట్ మరీ చవకైపోయింది మీ ఆటలో. చూసుకోండి” అని బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది.

తక్కెడ చాలాసేపు తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. కోపంతో చూశాడో, ఇంకెందుకు చూశాడో అతనికే తెలియలేదు.

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం నలుగురు కలిసి ఆడి చూడటం మొదలైంది. అతను యోధుడు, ఆమె వైద్యురాలు, బొమ్మలు గీసే అతను మాంత్రికుడు, సంగీతం కట్టే ఆవిడ దొంగ. గది ఇరుకు. కుర్చీలు వీపు వీపు ఆనేలా ఉండేవి. అందరి చెవులకీ హెడ్‌ఫోన్స్, మూతి దగ్గర మైకు.

ఆటలో నెగడు దగ్గర కూర్చోగానే తెర చీకటి పడుతుంది. కట్టెలు చిటపటమంటాయి. తెల్లవారేదాకా ఎవరూ ఏ బటనూ నొక్కడానికి లేదు. ఆ వ్యవధిలో మిగతా ఇద్దరూ టీకి పరుగెత్తేవాళ్లు. గదిలో తక్కెడా డాక్టరమ్మా మిగిలేవాళ్లు, ఒకరి వెనక ఒకరు, ఒకరి మొహం ఒకరికి కనబడకుండా.

అలా మాటలు మొదలయ్యాయి. ఆమెకి లిఫ్ట్ అంటే భయమట, చిన్నప్పుడు ఒకసారి ఇరుక్కుపోయిందట, అందుకే మూడంతస్తులూ మెట్లెక్కే వస్తుందట. అతనికి ఈల వేయడం రాదట. ఆమె నాన్నగారికి సూది చూస్తే కళ్లు తిరుగుతాయట, పైగా త్వరలోనే కంటికి ఆపరేషనట. అతను నర్సుగా పనిచేసే వాళ్లక్క దగ్గరే ఉంటాడట. ఒకసారి కిటికీ బయట నిజం వాన, తెర మీద బొమ్మ నెగడు, రెండూ ఒకేసారి చిటపటలాడాయి. ఏది ఎక్కడిదో కాసేపు ఇద్దరికీ అంతుపట్టలేదు.

రానురాను డాక్టరమ్మ చిన్న గీత పడ్డా “కూర్చుందామా?” అనేది. చివరికి గీత పడకపోయినా అనేది. తక్కెడ తెర మీద ఆమె పాత్ర శక్తి చూసేవాడు. నిండుగా ఉండేది. మరి కూర్చోవడం ఎందుకు? ఎంత ఆలోచించినా అతనికి అర్థం కాలేదు. అర్థం కానిది ఏదైనా అతని దృష్టిలో లెక్కలో తప్పే. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు: మొదటి రోజు తను చెప్పిన లోపాన్ని ఈ అమ్మాయి రోజూ పనిగట్టుకుని గుర్తుచేస్తోంది. ఎంత పట్టుదల, ఎంత అంకితభావం. అతని గుండె ఆమె మీద గౌరవంతో కొట్టుకుంటోందని అనుకున్నాడు. కాస్త గట్టిగా కొట్టుకుంటోంది, అంతే.

ఆదివారమంతా కూర్చుని పని చేశాడు. ఇకమీదట ఒక ప్రయాణానికి విశ్రాంతి రెండుసార్లే. అదీ కూర్చోగానే తెల్లారిపోతుంది, నెగడూ చీకటీ ఏమీ ఉండవు. యోధుడూ మాంత్రికుడూ చక్కగా సమానమయ్యారు. సోమవారం పొద్దున్నే, బహుమతి తెచ్చినవాడిలా ఆమెకి చూపించాడు.

ఆమె మొహం చిన్నబోయింది.

“బాగుంది. ఇప్పుడు ఎవరూ ఊరికే కూర్చోరు” అంది ముక్తసరిగా.

ఆ తర్వాత ఆట గురించి తప్ప పెదవి విప్పలేదు. బుధవారం నాన్నగారి ఆపరేషన్‌కని సెలవు పెట్టింది. గురువారం వచ్చి, పై అంతస్తులో కార్ల పందెం గేము చేసేవాళ్ల దగ్గరికి మార్చమని బాస్‌ని అడిగింది. ఆయన సరేనన్నాడు. శుక్రవారం ఈ గదిలో ఆమెకి ఆఖరి రోజు.

తక్కెడకు బుర్ర తిరిగిపోయింది. ఆమే అడిగింది. ఆమె అడిగినట్టే చేశాడు. మరి ఎందుకు అలిగింది?

గురువారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్న అక్కతో, డాక్టరమ్మకి కోపం వచ్చిందక్కా, వెళ్లిపోతోంది అన్నాడు. ఏ వార్డు డాక్టరమ్మరా అని అక్క కంగారుపడింది. వార్డు కాదని, గేములో వైద్యురాలని, విశ్రాంతి తగ్గించానని మొదలుపెట్టి అంతా చెప్పాడు. అక్కకి సగం అర్థమైంది. ఆ సగమే అసలు సంగతి.

“ఆ అమ్మాయి అలిసిపోయి కూర్చునేదా?”

“లేదక్కా. శక్తి నిండుగా ఉండేది. అదే కదా లోపం.”

“ఆ టైములో ఏం చేసేవాళ్లు?”

“ఏమీ చేయడానికి ఉండదు. ఊరికే మాట్లాడుకునేవాళ్లం.”

అక్క అతని మొహంలోకి కాసేపు తేరిపార చూసింది. “నీకు పెట్టే తిండి దండగరా” అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తక్కెడ తికమక ఇంకాస్త పెరిగింది.

శుక్రవారం పొద్దున ఆడుతుంటే అతని మనసులో ఒకే ప్రశ్న తిరుగుతోంది: నాన్నగారి ఆపరేషన్ ఎలా జరిగింది? ఎదురుగా వెళ్లి అడగొచ్చు. కానీ ఎదురెదురుగా వాళ్లిద్దరూ ఎప్పుడూ పని గురించి తప్ప మాట్లాడుకోలేదు. నెగడు దగ్గర అడుగుదామని విశ్రాంతి నొక్కాడు. తెల్లారిపోయింది. రెండోసారి నొక్కాడు. నోరు తెరిచేలోపే మళ్లీ తెల్లారిపోయింది. ఇక ఆ ప్రయాణంలో కూర్చోవడానికి లేదు.

అప్పుడు తెలిసింది తక్కెడకు. తను దిద్దింది లోపాన్ని కాదు. వాళ్లిద్దరికీ ఉన్న ఒకే ఒక్క చోటుని చేతులారా తీసేశాడు. ఆమెకి ఇన్నాళ్లూ అలసట లేదు. తనకీ లేదు. అయినా ఆమె పిలిచినప్పుడల్లా వెళ్లి ఎందుకు కూర్చున్నాడో ఒక్కసారైనా లెక్క వేసుకోలేదు.

మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఆదివారం వేసిన లెక్కలు కదపకుండా, పక్కన ఒక కొత్త బటన్ చేర్చాడు. సాయంత్రం బాస్ కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడటానికి కూర్చున్నాడు. విశ్రాంతికి హద్దు అలాగే ఉంచానని, కొత్తగా ‘ఊరికే కూర్చోవడం’ పెట్టానని తక్కెడ చెప్పాడు. ఎంతసేపైనా కూర్చోవచ్చు.

“కూర్చుంటే మంత్రాలు వస్తాయా?” అన్నాడు బాస్.

“రావండి.”

“గాయాలు మానతాయా?”

“మానవండి.”

“మరి లాభం ఏంటయ్యా?”

“ఏమీ లేదండి.”

బాస్ తల గోక్కున్నాడు. నంబరు లేకుండా తక్కెడ మాట్లాడటం ఆయన ఇంతవరకూ వినలేదు. బొమ్మలతనూ సంగీతం ఆవిడా మొహమొహాలు చూసుకుని, అలవాటు కొద్దీ టీకి వెళ్లారు.

తెర మీద యోధుడు వెళ్లి నెగడు దగ్గర కూర్చున్నాడు. వైద్యురాలు దూరంగా, చెట్ల మధ్యే నిలబడి ఉంది. తక్కెడ వెనక్కి తిరగలేదు.

“నా శక్తి నిండుగా ఉందండి” అంది చెవిలో ఆమె గొంతు.

“నాదీ నిండుగానే ఉంది.”

“గాయాలు కూడా లేవు. మరి ఎందుకు కూర్చోవాలి?”

“నాన్నగారి కంటి ఆపరేషన్ ఎలా జరిగింది?”

నెగడులో కట్టెలు చిటపటమన్నాయి. తర్వాత వైద్యురాలు చెట్లలోంచి నడుచుకుంటూ వచ్చి యోధుడి పక్కన కూర్చుంది.

“బాగా జరిగింది. సూది చూడగానే కళ్లు తిరిగాయి, అది మామూలే. కట్టు విప్పగానే నన్ను చూసి, చిక్కిపోయావేంటమ్మా అన్నారు. నేనేమీ చెప్పలేదు.”

“తప్పు నాదేనండి. మీరు అలిసిపోయి కూర్చుంటున్నారా అని చూశాను గానీ, నా పక్కన కూర్చుంటున్నారని చూసుకోలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇది ఎంత అని అడగకండి, లెక్క రావట్లేదు.”

ఆమె గొంతు సవరించుకుంది.

“నాక్కూడా ఇష్టమే. కానీ బాస్ గారి హెడ్‌ఫోన్స్ ఇంకా ఆన్‌లోనే ఉన్నాయి.”

బాస్ గబుక్కున హెడ్‌ఫోన్స్ తీసేసి, తనకీ టీ కావాలని లేచాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. ఆ బటన్ ఉంచమన్నాడు. ఎందుకు ఉంచాలో మాత్రం ఇప్పటికీ తనకి పూర్తిగా అర్థం కాలేదన్నాడు.

డాక్టరమ్మ పై అంతస్తుకి మారడం మాత్రం ఆగలేదు. మాటిచ్చాను, వెళ్లకపోతే బాగుండదు అంది. ఆమె సామాను ఉన్న అట్టపెట్టె తక్కెడ ఎత్తుకున్నాడు. లిఫ్ట్ వైపు చూడకుండా ఇద్దరూ మెట్ల దారి పట్టారు. కిటికీ బయట వాన మొదలైంది.

సగం మెట్లెక్కాక ఆమె ఆగి, ఒక మెట్టు మీద కూర్చుంది.

అలిసిపోయారా అని అడగబోయాడు తక్కెడ. ఆమె మొహం చూశాడు. ఆ ప్రశ్న మానేసి, పెట్టె కింద పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాడు.