ఆపరేషన్ రొయ్యపిల్ల

మాచర్ల పాసింజర్ నరసరావుపేటలో ఆగింది. మౌలాలీ ప్లాట్‌ఫారం మీదికి దిగి నిమ్మసోడా అడిగాడు. సఫారీ సూటు వేసుకున్న మనిషొకడు హడావిడిగా వెళ్తూ అతన్ని భుజంతో రాసుకున్నాడు.

"సారీ బ్రదర్!"

చీమ కుట్టినట్టు మౌలాలీ మెడ మీద కొట్టుకున్నాడు. గార్డు విజిల్ వేసేలోపే కుప్పకూలాడు. జనం మూగి, నీళ్లు చల్లి, ప్రాణం పోయిందని తేల్చుకునేసరికి అతని నల్ల సూట్‌కేసు మాయమైంది.

మధ్యాహ్నానికల్లా ట్రావెలర్స్ బంగళాలో గూఢచారి శాఖ ఏజెంట్ రాజారత్నం తన చీఫ్ ఎదుట నిలబడి ఉన్నాడు. రాజారత్నంది క్రోసూరు దగ్గర పల్లె. ఈ ప్రాంతంలో ఏ వేషం వేసినా యాస అతన్ని పట్టివ్వదు. అందుకే చీఫ్ అతన్ని పిలిపించాడు.

"పోయిన కుర్రాడు కాకినాడలో సర్వే బోటు మీద అసిస్టెంట్. డాక్టర్ ఇన్నయ్య మనిషి."

"సూట్‌కేసులో ఏముంది సార్?"

"సముద్రపు నీళ్లు. సీసాల్లో. చంపినవాళ్లు అందులో కంప్యూటర్ టేపు ఉందనుకున్నారు." చీఫ్ మ్యాపు పరిచాడు. "ఇన్నయ్య ఏళ్ల తరబడి బంగాళాఖాతాన్ని కొలుస్తున్నాడు. నీటి వేడి, ఉప్పు, కంటికి కనపడని పాచి. ఆ పాచిని తినే రొయ్యపిల్ల, రొయ్యని తినే చేప. ఎవరిని ఎవరు తింటారో, ఎవరు తగ్గితే ఎవరు పోతారో మొత్తం లెక్క కట్టి కంప్యూటర్‌లో పెట్టాడు. దాన్ని మోడల్ అంటున్నారు. ఎక్కడ ఎన్ని బోట్లు తిరిగితే సముద్రం తట్టుకుంటుందో అది ముందే చెబుతుంది."

"ఏం చెప్పింది?"

చీఫ్ మ్యాపు మీద ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. "ఇది రొయ్యలు పిల్లలు పెట్టే మేర. ఇక్కడ పెద్ద ట్రాలర్లు దిగితే మన కోస్తా బెస్తవాళ్ల వలల్లో ఇక నాచే మిగులుతుంది. మూసెయ్యమంది. హోల్గర్ అనే విదేశీయుడి ముఠాకి సరిగ్గా ఈ మేరే కావాలి. రేపు హైదరాబాద్‌లో కమిటీ. టేపు మెషీన్‌కి ఎక్కిస్తారు. అది ఏం చెబితే దాని మీద సంతకం పెడతారు."

"డాక్టర్ ఎక్కడున్నారు?"

"మాచర్లలో, చెల్లెలు ప్రేమమ్మ ఇంట్లో దాక్కున్నాడు. మన ఎస్-త్రీ కారు తెస్తుంది. ఇద్దరూ కలిసి ఆయన్ని, టేపునీ హైదరాబాద్ చేర్చండి." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతి. మౌలాలీ తల్లి ఆ పక్కింట్లోనే ఉంటుంది. మీటింగయ్యేదాకా శవానికి పేరు పెట్టటం లేదు. చావు కబురు తెలిస్తే డాక్టర్ అడుగు కదపడు. నోరు జాగ్రత్త."

ఆ మాట రాజారత్నానికి నచ్చలేదు. అయినా సెల్యూట్ కొట్టాడు.

మాచర్ల స్టేషను వెనక వీధిలో స్టవ్వు రిపేరు చేసేవాడొకడు సైకిల్ దిగాడు. మాసిన లుంగీ, చెవిలో బీడీ. క్యారియర్ మీద పంపు స్టవ్వు, దాని కడుపులో ట్రాన్స్‌మిటర్. బటన్ నొక్కితే గురజాలలో ఉన్న చీఫ్ జీపుకి సిగ్నల్ పోతుంది.

"స్టవ్వులో గాలి నిలవటం లేదా అమ్మా?"

"గాలి బాగానే ఉంది. కిరసనాయిలే లేదు," అంది గుమ్మంలో ప్రేమమ్మ. కోడ్ సరిపోయింది. "నిజంగానే లేదు నాయనా. రేషన్ షాపోడు ఇస్తే గదా."

డాక్టర్ ఇన్నయ్య నులక మంచం మీద బనీనుతో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"నువ్వేనా నన్ను కాపాడేది? మా మౌలాలీ ఇంకా రాలేదేందయ్యా? నీళ్ల సీసాలు తెస్తానన్నాడు."

"దార్లో ఉన్నాడు సార్," అన్నాడు రాజారత్నం.

"వాడు లేకపోతే నా మోడలు గుడ్డిది. కంప్యూటర్ సముద్రాన్ని చూసిందా ఏంది? వాడు చలిలో, తుఫానులో బోటెక్కి కొలిచి తెచ్చిన అంకెలే దాని కళ్లు."

బయట కారు హారన్ మోగింది. తెల్ల అంబాసిడర్ లోంచి ఒకామె దిగింది. లేత నీలం షిఫాన్ చీర, బాబ్డ్ హెయిర్, నల్లకళ్లజోడు. వీధిలో ఆడవాళ్లంతా పనులాపి చూశారు.

"ఎస్-త్రీ. లీల," అంటూ చెయ్యి చాపింది. డాక్టర్ బట్టలు మార్చుకోవటానికి లోపలికి వెళ్లాడు. ప్రేమమ్మ టీ పెట్టడానికి వెళ్లింది.

రాజారత్నం ఆ చేతిని అందుకున్నాడు. ఆమె ఉంగరం చురుక్కుమంది.

ముందు మోకాళ్లు పోయాయి. తర్వాత చేతులు. తర్వాత నాలుక. మంచం మీద వాలిపోయాడు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. చెవులు పనిచేస్తున్నాయి.

"ఐయామ్ సారీ, రాజారత్నం." ఆమె తాపీగా మంచం పక్కనున్న డాక్టర్ సూట్‌కేసు తెరిచి, టేపు చక్రం తీసి, తన హ్యాండ్‌బ్యాగులోంచి అచ్చం అలాంటిదే పెట్టింది. "దొంగతనమైతే గొడవవుతుంది. అందుకని ఒక్క అంకె మార్చాం. నూటికి రెండు రొయ్యపిల్లలు బతుకుతాయని డాక్టర్ రాశారు. ఇందులో ఆరు బతుకుతాయి. అప్పుడు మోడలే ఆ మేర తెరవమంటుంది. డాక్టర్‌గారు తన చేతులతో తనే కమిటీకి ఇస్తారు."

అరవాలనుకున్నాడు. పెదవి కూడా కదల్లేదు.

డాక్టర్ బయటికొచ్చి నిలువునా ఆగిపోయాడు. "ఏందీ! ఏమైంది ఇతనికి?"

"వడదెబ్బనుకుంటా. నోరు పడిపోయింది," అంది లీల. "మీటింగ్ ఆగదు సార్. మనం బయల్దేరాలి."

"ఓరి దేవుడో, పచ్చవాతం!" ప్రేమమ్మ గుండెలు బాదుకుంది. "నువ్వు పో అన్నాయ్. నేను చూసుకుంటాగా."

డాక్టర్ వెళ్తూ రాజారత్నం నుదుటి మీద చెయ్యి వేశాడు. ఆ కళ్లు పిచ్చిగా అటూ ఇటూ తిరిగాయి. "భయపడకయ్యా. తగ్గిద్ది," అన్నాడు. అంబాసిడర్ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

కాపడం పెట్టాలంది ప్రేమమ్మ. పక్కింట్లోంచి హజ్రా బీ పరిగెత్తుకొచ్చింది. కిరసనాయిలు కూడా ఆమే తెచ్చింది. రాజారత్నం చూస్తుండగానే ఇద్దరూ కలిసి అతని స్టవ్వే వెలిగించారు. లోపల టప్‌మని ఏదో పేలింది. సన్నగా పొగ వచ్చింది.

"మంచి స్టవ్వే ఒదినా. ఒక్క పంపుకే అందుకుంది," అంది హజ్రా బీ.

అతను కళ్లు ఆర్పుతూ మోర్స్ కోడ్‌లో ఎస్ఓఎస్ పంపాడు. వైద్యానికి వచ్చిన ఇమాం సాహెబ్ వంగి చూసి, "దుమ్ము పడ్డట్టుంది," అని కళ్లలోకి ఉఫ్‌మని ఊదాడు. తర్వాత పావురాన్ని కోసి, వెచ్చటి నెత్తురు ఒంటికి రాయించాడు. భారత గూఢచారి శాఖలో రెండు మెడల్స్ అందుకున్న మనిషి, ఈకలంటుకుని ఎర్రగా పడుకుని ఉన్నాడు.

హజ్రా బీ అతని కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని తోముతూనే ఉంది.

"మావోడూ నీ ఈడోడే బేటా. సముద్రం మీద ఉజ్జోగం. మా ఇంటా వంటా లేదు గదా, నీళ్లంటే చానా భయం వాడికి. అయినా పోయినాడు. అమ్మా, సముద్రానికి నాడి చూస్తన్నా అంటాడు. ఈ బండికి వస్తానన్నాడు, రాలా. రేపటి బండికొస్తాడు. నిన్ను కూడా చూపిస్తా వాడికి."

రాజారత్నం కళ్ల చివర్ల నుంచి నీళ్లు కారాయి.

"ఏడవబాక బేటా. ఈ జబ్బుకి కళ్లు కారతయ్యి," అని ఆమె కొంగుతో తుడిచింది.

తెల్లారాక కాలి బొటనవేలు కదిలింది. పొద్దెక్కేసరికి నాలుక కదిలింది. మొద్దుగా, వేరెవరిదో నోట్లో పెట్టినట్టు.

"ఓ...ను."

"ఆకలంట," అంది ప్రేమమ్మ.

"ఓను! ఓస్...టా...ఈసు!"

"పోస్టాఫీసంట ఒదినా!" అరిచింది హజ్రా బీ.

రిక్షాలో వేసి తీసుకెళ్లారు. హైదరాబాద్‌కి లైట్నింగ్ ట్రంక్ కాల్ బుక్ చేశారు. గుంటూరు ఎక్స్‌ఛేంజ్ దొరకలేదు. దొరికింది. పోయింది. మళ్లీ దొరికింది. అవతల కమిటీ హాలులో ఎవరినో ప్రేమమ్మ బతిమాలి డాక్టర్‌ని పిలిపించేసరికి రాజారత్నం చొక్కా చెమటతో తడిసిపోయింది. ప్రేమమ్మ రిసీవర్ అతని నోటి దగ్గర పట్టుకుంది.

"హలో! ఎవరు? త్వరగా చెప్పండి, సంతకాలు అవుతున్నయ్యి!"

"ఏ...పు... మా...ఇంది."

"ఏందీ? ఏపుడు మాడిందా? ప్రేమమ్మేనా?"

"ఏపు! ఏపు! మాఇంది!"

లైను తెగిపోయింది. ఇక దొరకలేదు.

రాజారత్నం పోస్టాఫీసు బల్ల మీద కూర్చున్నాడు. చేయగలిగింది ఇంకేమీ లేదు. స్టాంపులు కొనేవాళ్లు వచ్చి పోతున్నారు. సముద్రం ఉందో పోయిందో అతనికి తెలియదు.

సాయంత్రానికి చీఫ్ జీపు వచ్చింది.

"మోడల్ ఆ మేర తెరవమంటే తన పాత లెక్కే తప్పనుకున్నాడట డాక్టర్. ఫోన్ పెట్టేసి సీట్లోకి వెళ్లి కూర్చున్నాడు. ఎదురుగా మెషీన్ మీద టేపు తిరుగుతోంది. అప్పుడు వెలిగింది, ఫోన్‌లో విన్నది టేపు అని. చైర్మన్ పెన్ను కాగితానికి తగిలింది కూడా. డాక్టర్ వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు! కిందటేడు మౌలాలీ కొలిచిన అంకెలు వేసి మోడల్‌ని కిందటేటి లెక్క చెప్పమన్నాడు. అది రేవులకి వచ్చినదానికి మూడింతల రొయ్యలు చెప్పింది. ఆ రొయ్యలేవని అడిగాడు. ఆరు తీసి రెండు పెట్టారు. ఆ మేర మూసేశారు."

"హోల్గర్?" నాలుక ఇంకా తడబడుతోంది.

"విమానమెక్కాడు. పాస్‌పోర్టు సరిగ్గానే ఉంది. సఫారీ సూటువాడు దొరకలేదు."

"లీల?"

"నీకు సగం డోసే ఇచ్చానంటోంది. మన మనిషినే, వాళ్ల దగ్గర నటించానంటోంది. వాళ్లకి ఏం చెబుతోందో మనకి తెలియదు."

రాజారత్నం గోడ పట్టుకుని లేచాడు. "నేను మౌలాలీ తల్లికి చెప్పాలి."

హజ్రా బీ స్టేషన్ వైపు చూస్తూ అరుగు మీద కూర్చుని ఉంది. అతను ఆమె కాళ్ల దగ్గర కూలబడి చెప్పాడు. సగం మాటలు సరిగ్గా పలకలేదు. అయినా ఆమెకి అన్నీ అర్థమయ్యాయి.

ఆమె ఏడవలేదు. "నిన్ననే తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"నేను కాళ్లు పిసికేటప్పుడు?"

అతను తల వంచాడు.

"దేనికి చంపార్రా వాణ్ణి?"

"రొయ్యల కోసమమ్మా."

"రొయ్యల కోసమా," అంది. ప్రేమమ్మ వచ్చి ఆమెని పొదివి పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.

జీపు నరసరావుపేట వైపు బయల్దేరింది. పిడుగురాళ్ల దాటింది.

"కాకినాడ నుంచి మెసేజ్ వచ్చింది," అన్నాడు చీఫ్. "హోల్గర్ ట్రాలర్లు మూసిన మేరకి సరిగ్గా అవతల, గీత పక్కనే లంగరేసుకుని కూర్చున్నాయట. అక్కడ చట్టం ఏమీ చేయలేదు."

"మరి మనం ఏం చేద్దాం సార్?"

చీఫ్ కిటికీలోంచి మిరప చేలని చూశాడు.

"రొయ్యలు గీత దాటకుండా ఉంటే చాలు."